దామోదరం కట్టిన పాట

ఫ్యాట్ దామోదరం అంటే పలమనేరులో తెలియనివాళ్ళు లేరు. మనిషిని చూస్తే మునక్కాయలా ఉంటాడు. పాల సెంటర్లో కూర్చుని రైతులు తెచ్చిన పాలలో ఫ్యాట్ ఎంతుందో తేల్చి చెప్పే ఉద్యోగం కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు పాలతో పని. మధ్యలో ఉండే పగలంతా అతని సొంతం.

ఆ పగలంతా ఏం చేస్తాడయ్యా అంటే, ఏమీ చేయడు. ఆ పనిని అంత శ్రద్ధగా చేసే మనిషి జిల్లాలో ఇంకొకడు లేడు.

అతని భార్య రాజశ్రీ ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. కాలు కుట్టుమిషన్ మీద, ఒక కన్ను పొయ్యి మీద, ఇంకో కన్ను దొడ్లో ఆవు మీద. ఇన్ని పనులు ఒక్క మనిషే చక్కబెడుతుంటే తను కూడా అడ్డం పడి చెడగొట్టడం దేనికని దామోదరం మంచం దిగేవాడు కాదు.

"ఏమయ్యా, మబ్బు పట్టిండాది. దండెం మింద బట్టలు తీసుకోని రాగూడదా?" అని ఆమె కేకేస్తుంది.

దామోదరం లేవడు. గొంతు సవరించుకుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. పాట ఎత్తుకుంటాడు.

"గెనెం మింద నడిసే పిల్లా, రాజసిరీ,
గాలి కూడా నీ యెనకే వచ్చెనే మరీ...
బురద కాళ్ళు కడగనీకి నీళ్ళు తెస్తానే,
బుజం మింద మోసి నిన్ను ఇల్లు జేరుస్తానే..."

అంతే, ముందుగదిలో మిషన్ ఆగిపోతుంది. రాజశ్రీ వచ్చే నవ్వును పెదవి కింద నొక్కుకుని తనే లేచి పోయి బట్టలు తెచ్చుకుంటుంది. వాన ఆమె మీద పడుతుంది, పుణ్యం ఈయన ఖాతాలో పడుతుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఇదే ఏర్పాటు.

ఈ పాట ఎలా వచ్చిందో చెప్పకపోతే కథ ముందుకు కదలదు. పెళ్ళయి కొత్త దంపతులు గడప దగ్గరికి రాగానే ఆడబిడ్డలు చెయ్యి అడ్డం పెట్టి "పేరు చెప్పి లోపలికి రండి" అని నిలబెడతారు కదా. ఎవరైనా అయితే పెళ్ళాం పేరు నోట్లోనే నమిలేసి గబుక్కున లోపలికి దూరతారు. దామోదరం మాత్రం ఆ పాట పాడాడు. పందిట్లో వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి వచ్చారు. "పాట ఎవురిదబ్బా?" అని ఎవరో పెద్దాయన అడిగాడు. అప్పుడే పెళ్ళికూతురు మొదటిసారి తలెత్తి మొగుడి వంక చూసింది. ఆ కళ్ళ ముందు హరిశ్చంద్రుడైనా కాస్త తడబడేవాడు.

"నేనే కట్టినాను, ఈమె కోసరం" అన్నాడు దామోదరం.

నిజమేమిటంటే, పెళ్ళికి ముందు అతను సత్యవేడులో కొన్నాళ్ళు పనిచేశాడు. సెంటర్ పక్కనే వరిమళ్ళు, మళ్ళ మధ్య గెనెం అని పిలిచే గట్లు. ఒకరోజు కల్వర్టు మీద సైకిల్ ఆపుకుని, నాట్లు వేసే ఆడవాళ్ళ పాట విన్నాడు. ఆ నాలుగు ముక్కలు వినేసరికి వాళ్ళు ఇతన్ని చూడనే చూశారు. చూసి, గొల్లున నవ్వి, తలా ఒక పిడికెడు బురద విసిరారు. తొక్కిన సైకిల్ మళ్ళీ సెంటర్ దగ్గరే ఆగింది. తరవాత చరణాలేమిటో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఉన్న నాలుగు ముక్కలతోనే సంసారం ఇంత సుఖంగా నడుస్తుంటే మిగతావి దేనికి?

ఇలా ఉండగా, తిరుపతిలో డిగ్రీ చదివే కూతురు కోమలి సెలవులకు ఇంటికొచ్చింది. వచ్చి, ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో పాట పెట్టింది. డప్పులు మోగాయి, ఎవరో విజిల్ వేశారు, ఆపైన ఒక కుర్రగొంతు ఎత్తుకుంది: "గెనెం మింద నడిసే పిల్లా, పల్లవీ..."

మిషన్ ఆగింది. ఈసారి నవ్వుతో కాదు.

"ఏమయ్యా! లెయ్! నీ పాటను ఎవడో ఎత్తుకపోయినాడు! నా పేరు పీకేసి యెవతెదో పల్లవి పేరు పెట్టినాడు!"

దామోదరం గుండె జారి మంచం కిందికి పోయింది. "పాటన్నాక పల్లవి ఉండదామ్మే?" అన్నాడు నెమ్మదిగా.

"ఎగతాళిగా ఉండాదా నీకు?"

"అది కవర్ వెర్షన్ మా" అంది కోమలి. "పాత పాటను ఇంకొకరు వాళ్ళ బాణీలో పాడుకుంటే కవర్ అంటారు. దీనికి శానా ఉండాయి."

పాల మనిషికి తెలిసిన కవరు ఒకటే. అది చినిగితే ఏమవుతుందో కూడా అతనికి బాగా తెలుసు. అందుకే ఆరోజు అన్నం సయించలేదు.

కోమలి చెప్పింది అక్షరాలా నిజమైంది. రాజశ్రీ తమ్ముడు ఢిల్లీబాబుకు డీజే బండి ఉంది. పేరు ఢిల్లీయే గానీ కాణిపాకం దాటి ఎరగడు. వాడు జాతరలో ఈ పాటకు గుండెలు అదిరే దరువు కలిపి వాయిస్తే పక్కింటి అటక మీది గుమ్మడికాయ కిందపడింది. భజన బృందం వాళ్ళు "బురద కాళ్ళు" తీసేసి "పాదపద్మములు" పెట్టుకున్నారు. నగరి వైపు నుంచి వచ్చే బస్సులో డ్రైవరు అరవంలో ఇదే పాట వింటూ తల ఊపుతున్నాడు. చివరికి ప్లాట్లు అమ్మేవాళ్ళు ఆటోకు మైకు కట్టి "గేటు ముందర రోడ్డు వేసి ప్లాటు ఇస్తానే" అని వీధి వీధి తిప్పారు.

ఆ ఆటో దామోదరం వీధిలోకి రావడమే పొరపాటు. రాజశ్రీ మెడలో కొలత టేపుతో, చేతిలో కత్తెరతో నడిరోడ్డు మీద అడ్డంగా నిలబడింది.

"ఎవుర్ని అడిగి పాడతా ఉండావు ఈ పాట?"

"రికార్డింగక్కా ఇది. నేను పాడింది కాదు" అన్నాడు ఆటోవాడు, కత్తెర వంక చూస్తూ.

"రాసినాయన ఇంట్లోనే పండుకోని ఉండాడు! పిలస్తా ఉండు! ఏమయ్యోవ్!"

రాసినాయన అప్పటికే దొడ్లో దాణా మూటల వెనక నక్కాడు. తవుడు ముక్కులోకి పోయి తుమ్ము వచ్చినా రెండు చేతులతో నొక్కిపెట్టాడు. ఆవు మాత్రం అతని వంక అదోలా చూసింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలకు పెద్ద వాదన.

"ఏమ్మే, కళ అనేది గాలి మాదిరి. గాలిని ఎవురైనా మూటగడతారా?"

"గాలి మాదిరైతే నా కోసరం కట్టినానని ఎట్ల చెప్పినావు?"

"అంటే... కట్టేటప్పుడు నీ కోసరమే. కట్టినాక లోకం కోసరం."

"రేపు నన్ను కూడా లోకం కోసరం అంటావేమో!" అని రాజశ్రీ కళ్ళు తుడుచుకుంది. "మా అక్కచెల్లెళ్ళకు మొగుళ్ళు చీరలు తెచ్చినారు, గాజులు తెచ్చినారు. నాకు పాట తెచ్చినాడు మా ఆయన అని తలెత్తుకోని చెప్పుకుంటి. అది కూడా ఊరందరిదీ అయిపోతే నాకేం మిగిలిండాది?"

ఆ మాట దామోదరానికి ఎక్కడో తగిలింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో ఆమె లేచి పోయి ఆవుకు కుడితి తనే పెట్టుకుంది. తెరిచిన నోరు ఆవులింతగా మారింది.

పిడుగు పడింది మరునాడు. కోమలి ఆ పల్లవి పాట వీడియో కింద సన్నక్షరాలు చదివి, "మా, ఈడ రాసిండారు సూడు. సత్యవేడు పోలేరమ్మ పాడగా విని నేర్చుకున్నారంట" అంది.

"అట్ల చెప్పు! దొంగ దొరికింది" అని రాజశ్రీ కత్తెర కింద పెట్టింది. "రేపే పోతా సత్యవేడుకు."

దామోదరం ఎండ ఎక్కువన్నాడు. చిత్తూరులో ఒక బస్సు, పుత్తూరులో ఒక బస్సు మారాలి, నడుం పడిపోతుందన్నాడు. ఆవు రేపో మాపో ఈనుతుందన్నాడు.

"చూడి కట్టందే ఎట్ల ఈనుతాది?" అంది రాజశ్రీ.

చివరికి కడుపు పట్టుకుని మంచం మీద పొర్లాడు. "డబ్బాలో వాము ఉండాది, నమలు" అని చెప్పి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె పొద్దున్నే బస్సెక్కేసింది.

ఆ పగలు దామోదరం పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. మొదటిసారి మంచం ముళ్ళ మాదిరి గుచ్చుకుంది. సెంటర్లో నీళ్ళపాలకు మంచి ఫ్యాట్ రాసి, చిక్కటి పాలను తిప్పి పంపాడు. ఇంటికొచ్చి, ఆవు ముందు నిలబడి, "రాజశ్రీ, తప్పయిపోయింది, ఆ పాట నాది కాదు" అని చెప్పడం అభ్యాసం చేశాడు. బాగానే వచ్చింది. ఆవు కూడా ఏమీ అనలేదు.

దీపాలు పెట్టే వేళకు తల్లీకూతుళ్ళు దిగారు. రాజశ్రీ ముఖం చూస్తే కోపం లేదు. నవ్వుతోంది!

"ఏమంది... ఆ పోలేరమ్మ?" అన్నాడు దామోదరం.

"ఏమంటాది? పెద్దామె. 'మీ ఆయనే రాసినాడా తల్లీ, శానా సంతోషం. పాట ఆయనదే, మేము ఒప్పుకుంటాం' అనింది."

దామోదరం తన చెవులను తనే నమ్మలేకపోయాడు. "ఒప్పుకునిందా?"

"ఒప్పుకోకుండా ఎట్ల? నీది నీదే గదా!"

కోమలి ఎందుకో చున్నీ నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. బస్సు ప్రయాణానికి వాంతి వచ్చిందేమో అనుకున్నాడు దామోదరం. అదృష్టం తలుపు తట్టినప్పుడు ఎందుకు తట్టిందని అడగకూడదు కదా.

ఇక చూడండి ఆ ఇంట్లో మర్యాద! సంగటి ముద్ద మీద నెయ్యి గుంట చేసి మరీ పోసేది. నాటుకోడి పులుసులో మంచి ముక్కలన్నీ ఈయనకే. బట్టలు తెమ్మని, బిందె దించమని పిలుపే లేదు. "రచయితను కదిలించకూడదు" అనేది రాజశ్రీ. రెండు మూడు రోజులకే దామోదరానికి కూడా ఆ పాట తనే రాసినట్టు లీలగా జ్ఞాపకం రావడం మొదలైంది. రాస్తున్నప్పుడు చల్లగాలి వీచినట్టు కూడా గుర్తొచ్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, పాల సెంటర్లో ఇన్నేళ్ళు ఉండి కూడా ఆ సామెత అతనికి తట్టలేదు.

"నీకు సన్మానం పెడతాం" అంది ఒకరోజు. "మా తమ్ముడు మైకులు, లైట్లు సూసుకుంటాడు."

"ఎందుకమ్మే ఇదంతా..." అని నసిగాడు గానీ, మనసులో శాలువా రంగు అప్పటికే ఎంచుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఇంటి ముందే పందిరి వేశారు. రాజశ్రీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళంతా కొత్త జాకెట్లు తొడుక్కుని ముందు వరుసల్లో కూర్చున్నారు. వాళ్ళ మొగుళ్ళు వెనక నిలబడ్డారు. మెరూన్ శాలువా, మోకాళ్ళ దాకా చామంతి దండ, పూల మధ్యలో ఎక్కడో దామోదరం. ఢిల్లీబాబు ఫోను స్టాండుకు తగిలించి, "బావా, లైవ్‌లో ఉండావు. నవ్వు" అన్నాడు.

రాజశ్రీ మైకు పట్టుకుంది. "అందరి ముందరా అడగతా ఉండా. ఈ పాటలో ప్రతి మాటా నీదేనా?"

"ప్రతి మాటా నాదే!" అన్నాడు దామోదరం. "నా గుండెలో నించి వచ్చింది."

"నాకిచ్చిన మాటలేనా అవి?"

"నీకు కాకపోతే ఎవురికి?"

"ఆ మాటల మింద నిలబడతావా?"

చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగితే మనిషికి బుద్ధి సగం కరిగిపోతుంది. "ప్రాణం పోయినా నిలబడతా!" అని చెయ్యి పైకెత్తాడు.

"ఐతే పాటను మొదుట్నించి చివరి దాకా పాడనీకి సత్యవేడు నించి పోలేరమ్మవ్వ వచ్చిండాది."

పందిరి పక్కన వ్యాను ఆగింది. అందులోంచి నడుం వంగిన ముసలావిడ, ఆమె వెనక తలపాగాలు చుట్టుకున్న నాట్ల ఆడవాళ్ళు దిగారు. దామోదరం తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. శాలువాలో చెమట పట్టింది. చివరి దాకా అంటే ఎంత దాకా?

పోలేరమ్మ గొంతు ముసలిదే గానీ మైకు అక్కర్లేదు. "గెనెం మింద నడిసే పిల్లా" అని ఎత్తుకుంది. ఇల్లు చేర్చేదాకా అంతా తెలిసిన దారే. అక్కడ ఆగలేదు. వెనక ఆడవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని "ఒట్టేనా మామా, ఒట్టేనా?" అని కోరస్ అందుకున్నారు. కోరస్ ఒకటి ఉందని దామోదరానికి ఆ క్షణం దాకా తెలియదు.

"సంగటి కట్టె నీకొద్దే, నేను గెలుకుతానే,
సట్టి అడుగు మాడకుండా ముద్ద జేస్తానే!"

"ఒట్టేనా మామా, ఒట్టేనా?"

"బోకులన్నీ బూడిదేసి తోముకొస్తానే,
మీ యమ్మకు కాళ్ళు నొస్తే నూనె రాస్తానే!"

"ఒట్టేనా మామా, ఒట్టేనా?"

ముందు వరుసలో ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. వెనక నిలబడ్డ మొగుళ్ళు ఒక్కొక్కరే చీకట్లోకి జారుకుంటున్నారు. చరణం తరవాత చరణం వస్తూనే ఉంది. నీళ్ళు మోయడం అయింది, పిండి రుబ్బడం అయింది, వాకిలి చిమ్మడం కూడా అయింది.

పాట ఆపి పోలేరమ్మ దామోదరం గడ్డం పట్టుకుంది. "నాటేటప్పుడు నడుం నొప్పి తెలవకుండా పాడుకుంటాం నాయనా. మొగోళ్ళు ఏం పని చెయ్యరో, దాన్నే చేస్తామని ఒట్టు పెడతా ఉండినట్టు పాడి నవ్వుకుంటాం. ఒక్కో ఆడది ఒక్కో పని కలుపుతాది. నిజంగానే ఒక మొగోడు ఇవన్నీ చేస్తానని రాసినాడంటే, నిన్ను కన్న తల్లి ఎంత పుణ్యాత్మురాలో!"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

మరునాటి నుంచి దామోదరం బతుకు చరణం ప్రకారం నడిచింది. సంగటి గెలికితే పొయ్యి మీద సట్టి అతనితో పాటే తిరిగింది. అత్తగారు చంద్రకాంతమ్మ కబురు అందీ అందగానే నొప్పి కాళ్ళతో కుప్పం నుంచి హుటాహుటిన వచ్చేసింది. దారిన పోయేవాళ్ళు ప్రహరీ మీంచి తొంగిచూసి "ఒట్టేనా మామా?" అని పలకరించి పోయేవారు.

వారం తిరగకుండానే ఓపిక అయిపోయింది. ఆడవాళ్ళతో నిండిన ముందుగదిలోకి తడిచేతులతో వచ్చి అరిచేశాడు. "అందరూ వినండమ్మా! ఆ పాట నాది కాదు! నేను కట్టలేదు! సత్యవేడులో విన్నాను!"

కొలతలిచ్చేందుకు చేతులు చాపి నిలబడ్డ గ్రేసీ టీచరు నిట్టూర్చింది. "ఎంత అణకువండీ! ఇంత చేసి కూడా నాది కాదంటాడు."

"బావా, ఇంకొక్కసారి చెప్పు, లైటు సరిగా పళ్ళేదు" అన్నాడు ఢిల్లీబాబు ఫోను ఎత్తి.

చేసేది లేక పోలేరమ్మకే ఫోన్ చేశాడు. "అవ్వా, పాట మీదేనని నువ్వన్నా చెప్పు!"

"మాది యాడిది నాయనా? నీకు ఇచ్చేసినాం గదా" అంది ఆవిడ చల్లగా. "కొత్త చరణాలు పడినాయి. పిల్లోళ్ళ చేత పంపిస్తాలే."

ముందుగది ఖాళీ అయ్యాక రాజశ్రీ అతని దగ్గరికొచ్చింది.

"నీకు తెలుసు" అన్నాడు, తల వంచుకుని.

"తెలుసు. సత్యవేడు నించి వచ్చేటప్పుడు బస్సులో బాగా ఏడ్చినా. పుత్తూరు దాకా ఏడ్చినా. ఇన్నేళ్ళూ ఉత్తదాన్ని పట్టుకోని మురిసిపోతినే అని."

"తప్పయిపోయింది రాజశ్రీ." ఆవు ముందు చెప్పినంత బాగా రాలేదు.

"ఆడ ఒక టీ తాగినా. తాగినాక అనిపించింది. పాట బాగానే ఉండాది, దాన్నెందుకు పారేసేది? నిన్ను పట్టి దాంట్లో వేస్తే సరిపోతాది గదా అని. ఆడ నించే పోలేరమ్మవ్వకు ఫోన్ చేసి మాట్లాడుకున్నా." ఆమె అతని చేతికి గిన్నె అందించింది. "ఇది సరిగా తోమలేదు సూడు, జిడ్డు ఉండాది."

దామోదరం సిగ్గుతో చచ్చిపోయాడు. గిన్నె తీసుకుని దొడ్లో తొట్టి దగ్గరికి పోయాడు.

కాసేపటికి ఆడవాళ్ళు మళ్ళీ చేరారు. ఈమధ్య వాళ్ళకు జాకెట్ల కంటే చరణాల పని ఎక్కువైంది. "ఆవు పేడ ఎత్తి నేను దొడ్డి ఊడుస్తానే" అని ఒకావిడ అంది. తరవాతి వరుస ఎవరికీ కుదరడం లేదు. అవే మాటలు తిప్పి తిప్పి పాడుతున్నారు. గిన్నె తోముతున్న దామోదరానికి అది చెవిలో జోరీగలా తిరిగింది. ఆ దరువుకు చెయ్యి తనంతట తనే ఆడింది. తనేం చేస్తున్నాడో తనకే తెలియకుండా గొంతెత్తి పాడేశాడు.

"అద్దం ముందర కూర్సోబెట్టి జడను అల్లుతానే!"

ముందుగదిలో ఈలలు, చప్పట్లు, గోల. దామోదరం నాలుక కరుచుకున్నాడు గానీ మాట అప్పటికే గడప దాటింది.

రాజశ్రీ దొడ్డి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం ఎర్రబడి ఉంది. పెళ్ళినాడు గడప దగ్గర చూసిన చూపే మళ్ళీ చూసింది.

"ఇది మాత్రం నువ్వు కట్టిందేనయ్యా. నేనే సాక్షి" అని కొప్పు విప్పేసింది. "చేతులు తుడుసుకోని దువ్వెన తీసుకోని రా. అందరూ కాసుకోని ఉండారు."